వాయిదా పడిన వేసవి క్రాఫు

నా సర్వీసులో అది ఇరవై ఆరో వేసవి. ఏప్రిల్ రెండో సోమవారం ఉదయం నన్ను మా బెటాలియన్ కేంద్రం నుంచి కదిలించి, సాలూరు రోడ్డులో జీడితోటల పక్కన వేసిన తాత్కాలిక క్యాంపుకు పంపుతూ ఉత్తర్వు ఇచ్చారు. ఉత్తర్వులో నా పేరు పక్కన ‘ఫాలోయర్, బార్బర్’ అని ఉంది. పోలీసు బెటాలియన్‌లో వంటవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, మంగలి పని చేసేవాళ్ళు, అందరినీ కలిపి ఫాలోయర్లు అంటారు. జీతం ఉంటుంది, పెన్షను ఉంటుంది, తుపాకీ ఉండదు. కానిస్టేబుల్ చెప్పింది ఫాలోయర్ వినాలి. అదే కానిస్టేబుల్ నా కుర్చీలో కూర్చున్న పావుగంట మాత్రం నేను చెప్పింది వింటాడు. తల వంచమంటే వంచుతాడు, నోరు మూసుకోమంటే మూసుకుంటాడు. ఈ ఏర్పాటుతో ముప్పై ఒక్క ఏళ్ళు నాకు ఏ ఇబ్బందీ రాలేదు.

క్యాంపులో ఉన్నది ఒక కంపెనీ, తొంభై నాలుగు మంది. కంపెనీకి అధికారి ఆర్‌.ఐ. గారు, అంటే రిజర్వ్ ఇన్‌స్పెక్టర్. వేరే జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి మూడు నెలలైంది. మంచి మనిషి, దైవభక్తి ఉన్నవాడు. ఆయనకు ఉన్న ఒకే ఒక్క జబ్బు, పొద్దున్నే ఫోనులో వీడియోలు చూడడం. చూసినవన్నీ సాయంత్రానికి ఆర్డర్లయ్యేవి. ఒక వారం అందరూ ఉదయం నాలుగు చెంచాల నువ్వుల నూనె పుక్కిలించాలన్నారు. ఇంకో వారం ఎడమ పక్కకే తిరిగి పడుకోవాలన్నారు. నేను చేరిన సోమవారం సాయంత్రం రోల్ కాల్‌లో, అంటే పేర్లు పిలిచి హాజరు తీసుకునేటప్పుడు, కొత్త ఆర్డరు చదివించారు. వేసవి తీవ్రత దృష్ట్యా కంపెనీ సిబ్బంది యావన్మందీ గురువారం సాయంత్రం లోగా జీరో మెషిన్ క్రాఫు చేయించుకోవలెను. శుక్రవారం రిహార్సల్ పరేడు, శనివారం కమాండెంట్ గారి తనిఖీ. అమలు బాధ్యత పైడిరాజుది. పైడిరాజు అంటే నేను.

నన్నడిగితే చెప్పేవాణ్ణి. అడగలేదు. అడగకపోయినా చెప్పాను, నా గుణం అది.

ఎండాకాలం క్రాఫు అంటే జుట్టు తీసేయడం కాదు, గాలికి దారి ఇవ్వడం. చెవుల పైన, మెడ వెనక మెషిన్‌తో సన్నగా తియ్యాలి. నడినెత్తిన వేలెడు ఎత్తు జుట్టు ఉంచాలి, నెత్తికి నీడ అదే. జుట్టు ఒత్తుగా ఉన్నవాడికి పొడవు తగ్గించనక్కర్లేదు, పళ్ళ కత్తెరతో లోపల లోపల పలచన చేస్తే చాలు. జుట్టు పలచగా ఉన్నవాడికి ఆ కత్తెర చూపించను కూడా చూపించకూడదు. మే నెల దాటేదాకా మెడ మీద కత్తి పెట్టకూడదు, పెడితే మర్నాటికి చెమటకాయలు లేస్తాయి. పైగా మా వైపు ఎండ పొడి ఎండ కాదు, ఉక్క. చెమట పట్టాక ఆరదు, నున్నటి నెత్తి అయితే తిన్నగా కళ్ళలోకి దిగుతుంది. జుట్టు ఉంటే అక్కడే కాసేపు ఆగుతుంది. ఇదంతా ఆర్‌.ఐ. గారి డేరా ముందు నిలబడి, చేతులు కట్టుకుని, క్రమంగా విన్నవించాను.

ఆయన ఓపిగ్గా విని, గుండువాడికి చల్లగా ఉంటుందా జుట్టున్నవాడికా చెప్పమన్నారు. నీడలో గుండువాడికి, ఎండలో జుట్టున్నవాడికి అన్నాను. మనం ఎక్కడున్నాం అన్నారు. ఎండలోనే సార్ అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, రేపు పొద్దున్నే మొదలుపెట్టమన్నారు.

గుండు అంటే నాకు చిన్నచూపేమీ లేదు. మా నాన్న రామతీర్థం కొండ కింద మొక్కులవాళ్ళకు తలనీలాలు తీసి మమ్మల్ని ముగ్గుర్నీ పెంచాడు. కానీ అది దేవుడికిచ్చేది, ఇష్టంగా ఇచ్చేది. ఫోను చూసి ఇచ్చేది కాదు. ఆ మాట పైకి అనలేదు, పెన్షనుకు ఇంకా అయిదేళ్ళుంది.

మర్నాడు మంగళవారం. పొద్దున్న ఆరింటికే జీడిచెట్టు నీడలో ఇనుప కుర్చీ వేసి, మెషిన్‌కు నూనె పెట్టి, పటిక ముక్క కడిగి సిద్ధంగా కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా ఒక్క పురుగు రాలేదు. మంగళవారం మావైపు ఎవరూ క్షవరం చేయించుకోరు, మా పట్నంలో సెలూన్లకు కూడా ఆ రోజే సెలవు. ఆర్‌.ఐ. గారు మండిపడ్డారు. పోలీసు శాఖలో మంగళవారం లేదన్నారు. అయితే మీరే మొదట కూర్చోండి సార్, వాళ్ళే వస్తారు అన్నాను. ఆయన చెట్టుకేసి, కుర్చీకేసి, ఆకాశంకేసి చూసి, తనకు వేరే పనుందని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఎర్రన్న ఆర్‌.ఐ. గారి ముందుకు వెళ్ళాడు. ఎర్రన్న హెడ్ కానిస్టేబుల్, తల వంచుకుని పని చేసుకుపోయే మనిషి. భార్యకు ఎనిమిదో నెల. ఇల్లాలు కడుపుతో ఉన్నప్పుడు మగవాడు తల మీద కత్తెర పడనివ్వకూడదన్నది మా ఇళ్ళలో ఆచారం, ఎర్రన్న తల చూస్తేనే ఆ సంగతి తెలుస్తోంది. ఆర్‌.ఐ. గారికి ఈ ఆచారం మీద గౌరవం ఉంది. వెంటనే మినహాయింపు ఇచ్చి, అంతటితో ఆగకుండా రాత్రి రోల్ కాల్‌లో ప్రకటించారు. ఇలాంటి కారణం ఉన్నవాళ్ళు ఎవరైనా రాతపూర్వకంగా అర్జీ పెట్టుకోవచ్చు, సానుభూతితో పరిశీలిస్తాం అని.

బుధవారం పొద్దుటికి మా కంపెనీలో నలభై ఒక్క మంది భార్యలు గర్భవతులు.

ఆ అర్జీలు నేను కళ్ళారా చూశాను. ఒకడి భార్యకు ఏడో నెల, పెళ్ళయింది ఫిబ్రవరిలో. ఒకడు తొందరలో భార్య పేరు రాయాల్సిన చోట తన పేరు రాసుకున్నాడు. ఒకడికి పెళ్ళే కాలేదు. వాళ్ళ వదిన కడుపుతో ఉందట, అన్న గల్ఫులో ఎండ తట్టుకోలేక గుండు చేయించేసుకున్నాడట, అందుకని ఆచారం చెడకుండా తాను పాటిస్తున్నాడట. కుర్రాళ్ళను నేను తప్పుపట్టను. చెవుల పైన గీతలు గీయించుకుని, పైన కుచ్చు నిలబెట్టి, ఆ ఫొటో ఫోనులో పెట్టుకుని బతుకుతున్నవాళ్ళు. ఆ కుచ్చు పోతే సగం మందికి పెళ్ళి సంబంధాలు పోతాయన్నంత దిగులు వాళ్ళది.

ఆర్‌.ఐ. గారు భక్తుడే గానీ తెలివితక్కువవాడు కాదు. బల్ల మీద అర్జీలు పెట్టుకుని, నన్ను పక్కన నిలబెట్టి, నామినల్ రోల్ తెరిపించారు. సిబ్బంది పేర్లన్నీ వరుసగా ఉండే పట్టికను నామినల్ రోల్ అంటారు. దానిలో నాకొక కొత్త గడి గీసిచ్చి, పైన ‘వే.క్రా.’ అని రాశారు, వేసవి క్రాఫు అన్నమాట. ప్రతి పేరు ఎదురుగా అమలు అనో మినహాయింపు అనో రాసి సంతకం పెట్టాలి. ఎవరిది నిజమో క్షురకుడికి తెలియకుండా ఉండదు, నువ్వే చెప్పమన్నారు. నా కుర్చీలో చెప్పిన మాట నేను బయటికి చెప్పను సార్, మా నాన్న దగ్గర నేర్చుకున్న మొదటి పని అదే, కత్తెర పట్టడం తరవాత నేర్చుకున్నాను అన్నాను. ఆయన నా వంక ఎగాదిగా చూసి, సరే, ఫోను తీయమన్నారు.

ఒక్కొక్క అర్జీదారు భార్యకూ ఫోను చేసి, స్పీకరు పెట్టి, బల్ల మీద ఉంచారు. డేరా గుడ్డకు అవతల కంపెనీ అంతా చెవులు ఆనించి నిలబడిందని నీడలు చూస్తే తెలుస్తోంది. ఆర్‌.ఐ. గారు చాలా మర్యాదగా, అమ్మా, మీ ఆరోగ్యం ఎలా ఉంది, ఎన్నో నెల, అని అడిగేవారు.

“నాకా?” అంది మొదటి ఆవిడ. “ఎవులు సెప్పినారు బాబూ మీకు? నాకు తెలవకుండా మీకెలాగ తెలిసినాది?”

మూడో ఆవిడ తెలివైనది, అవును సార్, నాలుగో నెల అని తడుముకోకుండా చెప్పింది. మొగుడు అర్జీలో తొమ్మిదో నెల అని రాశాడు. ఏడో ఫోను ఎత్తినది ఒక ముసలావిడ, కోడలికి నెల తప్పిందని తనకు చెప్పకుండా పోలీసోళ్ళకు చెప్పారా అని శోకాలు మొదలుపెట్టింది. ఆవిణ్ణి ఊరుకోబెట్టడానికి ఆర్‌.ఐ. గారికి పది నిమిషాలు పట్టింది. పన్నెండో ఫోను దగ్గర డేరా అవతల నీడలు పలచబడ్డాయి. మిగిలినవాళ్ళు తమంతట తామే వచ్చి నా చెట్టు కింద వరుసలో నిలబడ్డారు. నలభై ఒక్కటిలో చివరికి నిలిచినవి నాలుగు. వాటిలో ఒకటి సన్నిబాబుది, వాళ్ళ ఊళ్ళో సిగ్నలు లేకపోవడం వల్ల నిలిచింది.

అది కూడా మర్నాటిదాకానే. గురువారం పదకొండింటికి మక్కువ ఊరి వైపు నుంచి వచ్చిన బస్సు దిగి, సన్నిబాబు అత్తగారు స్టీలు క్యారేజీతో క్యాంపు గేటు దగ్గరికి వచ్చింది. అల్లుడు పెట్టిన అర్జీ సంగతి ఎవరి భార్య ద్వారానో ఆవిడకు చేరింది. కడుపుతో ఉన్న కూతురికి తల్లి చలిమిడి పెట్టాలి. కూతురు నోరు విప్పి చెప్పలేదని, సిగ్గు పడుతోందని, ముందు అల్లుడి నోరు తీపి చేసి వెళ్దామని ఇటు వచ్చింది. ఎన్నో నెలమ్మా అని ఆర్‌.ఐ. గారు ఆవిణ్ణే అడగబోతే, సన్నిబాబు తానే నిజం ఒప్పేసుకుని, ఆ చలిమిడి తింటూ నా కుర్చీలో కూర్చున్నాడు. ఆర్‌.ఐ. గారు ఎదురుగా కుర్చీ వేసుకుని, ఆయనా ఒక ముద్ద తీసుకుని, చివరి వెంట్రుక రాలేదాకా కదలకుండా చూశారు. అత్తగారు మాత్రం జరిగింది తెలిశాక క్యారేజీ మూత పెట్టేసి, తిరుగు బస్సుకు వెళ్ళేదాకా అల్లుడితో మాట్లాడలేదు.

గురువారం సాయంత్రానికి పట్టికలో తొంభై మందికి అమలు, ముగ్గురికి మినహాయింపు. ఒక గడి ఖాళీగా ఉంది. ఆ గడి లక్ష్మునాయుడిది.

లక్ష్మునాయుడు తొమ్మిదేళ్ళ సర్వీసున్న కానిస్టేబుల్. అర్జీ పెట్టలేదు, కటింగుకూ రాలేదు. ఉదయం రమ్మంటే సెంట్రీ డ్యూటీ అన్నాడు, మధ్యాహ్నం రమ్మంటే కడుపునొప్పి అన్నాడు. చివరికి చీకటి పడకముందు వచ్చి, కుర్చీలో కూర్చుని, నేను గుడ్డ కప్పబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి చెప్పాడు. భార్యకు మూడో నెల. ఇంతకుముందు రెండుసార్లు నిలవలేదు. రెండుసార్లూ ఊరందరికీ చెప్పుకున్నారు, రెండుసార్లూ ఊరందరూ వచ్చి పరామర్శించి వెళ్ళారు. ఈసారి అయిదో నెల నిండేదాకా నలుసంత మాట బయటికి రాకూడదని భార్య ఒట్టు పెట్టించుకుంది. ఆ పిల్ల తన కన్నతల్లికి కూడా చెప్పలేదట.

“అర్జీ ఎడితే కంపెనీ అందరికీ తెలిసిపోద్ది మావా. ఆరై గారు స్పీకరెట్టి అడుగుతారు. అది తట్టుకోలేదు,” అన్నాడు. “నా తల మీద కత్తెర పడ్డాదని తెలిసినా తట్టుకోలేదు. నానేటి సేసేది?”

అక్కడ ముప్పై ఎనిమిది మంది లేని కడుపును ఉందని రాశారు. ఉన్నవాడు రాయలేక కూర్చున్నాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టాను.

ఆర్‌.ఐ. గారు పట్టిక చూసి, ఖాళీ గడి మీద వేలు పెట్టారు. కారణం చెప్పడు, జుట్టు తీయించుకోడు, ఇది ఆజ్ఞాధిక్కారం అన్నారు. శుక్రవారం సాయంత్రంలోగా అమలు జరగకపోతే మెమో ఇస్తానన్నారు. మెమో అంటే సంజాయిషీ అడుగుతూ ఇచ్చే కాగితం. అది సర్వీసు పుస్తకంలోకి ఎక్కితే, జూన్‌లో హెడ్ కానిస్టేబుల్ ప్రమోషన్ కోర్సుకు వెళ్ళాల్సినవాళ్ళ జాబితాలోంచి లక్ష్మునాయుడి పేరు ఎగిరిపోతుంది. ఆ జాబితాలోకి రావడానికి అతనికి తొమ్మిదేళ్ళు పట్టింది. అమలు అని దొంగ రాత రాసేద్దామా అని నాకూ అనిపించింది. కానీ నెత్తిన అంత జుట్టు పెట్టుకుని తిరిగేవాడి పేరు ఎదురుగా అమలు అని రాస్తే, అతనితో పాటు నేనూ పోతాను.

శుక్రవారం ఉదయం ఆర్‌.ఐ. గారే వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. అధికారి ఆదర్శంగా ఉండాలట. ఆయనది పట్టులాంటి ఒత్తు జుట్టు, ఆయన వయసులో అంత జుట్టు నేను ఎక్కువ మందికి చూడలేదు. జీరో తొడిగేముందు ఇంకోసారి చెప్పాను, పైన వేలెడు ఉంచుతాను సార్ అని. ఆర్డరు ఆర్డరే అన్నారు. కొట్టేశాను. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం కసి కూడా ఉంది.

ఇక్కడ టోపీల సంగతి చెప్పాలి. రోజువారీ పెట్టుకునేది మెత్తటి గుడ్డ టోపీ, ఎవరి నెత్తికైనా సర్దుకుంటుంది. తనిఖీ పరేడుకు పెట్టుకునేది గట్టి చట్రం ఉన్న టోపీ. అది పెట్టెలో ఉంటుంది, తనిఖీకీ రిహార్సల్‌కీ తప్ప బయటికి రాదు. ఇచ్చేటప్పుడు స్టోర్సులో తల కొలిచి నంబరు ప్రకారం ఇస్తారు. కొలిచేది జుట్టుతో ఉన్న తల. ఈ విషయం మా అందరికీ తెలుసు, ఒక్కరికీ గుర్తు రాలేదు. నేను ముందే ఊహించానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, ఊహించలేదు.

ఎనిమిది గంటలకు కంపెనీ బారులు తీరింది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. సావధాన్ అనగానే తొంభై జతల మడమలు ఒక్కసారి కొట్టుకున్నాయి, ఆ అదురుకు తొంభై టోపీలు కనుబొమల మీదికి దిగాయి. పరేడులో ఉన్నవాడు చెయ్యి ఎత్తి టోపీ సర్దుకోకూడదు. వాళ్ళు గడ్డం పైకెత్తి, టోపీ అంచు కింద నుంచి చూడడం మొదలుపెట్టారు. తరవాత పీఛే ముడ్ అన్నారు, అంటే వెనక్కి తిరగమని. మనుషులు తిరిగారు, టోపీలు తిరగలేదు. నెత్తి నిండా చెమట, లోపల నున్నటి చర్మం, టోపీ ఉన్నచోటే ఉండి కింద తల తిరిగిపోయింది. తొంభై మందీ టోపీల ముందు అంచులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. తేజ్ చల్, అంటే ముందుకు నడవమని, అనగానే మొదటి వరుస కళ్ళు కనపడక ఎడమవైపుకు ఒరిగి, నేరుగా జీడితోటలోకి నడిచింది. ఆపమని అరవడానికి ఆర్‌.ఐ. గారు నోరు తెరిచేసరికి ఆయన టోపీ ముక్కు మీదికి దిగింది. ఆ అరుపు లోపలే ఉండిపోయింది.

మైదానంలో సరిగ్గా మిగిలింది నలుగురు. మినహాయింపు ఉన్న ముగ్గురు, ఖాళీ గడిలో ఉన్న లక్ష్మునాయుడు. నలుగురూ నిటారుగా, టోపీలు చెక్కుచెదరకుండా, చెప్పిన దిక్కుకు నడిచి, చెప్పిన చోట ఆగారు.

పది నిమిషాల తరవాత నన్ను డేరాలోకి పిలిచారు. ఆర్‌.ఐ. గారు బల్ల ముందు కూర్చుని ఉన్నారు, టోపీ ఒళ్ళో ఉంది. స్టోర్సుకు ఫోను చేశారట, చిన్న నంబర్లు తొంభై కాదు కదా తొమ్మిది కూడా లేవట. కమాండెంట్ గారు మర్నాడు ఎనిమిదింటికి వస్తారు. జుట్టు ఒక్క రాత్రిలో ఎంత మొలుస్తుంది అని అడిగారు. ఆ మాట ఆయన నిజంగానే అడిగారు. నాకు ఆయన మీద జాలేసింది.

సాలూరు లారీల ఊరు. అక్కడ లారీ సీట్లు కుట్టేవాళ్ళ కొట్ల ముందు స్పాంజి తునకలు గుట్టలుగా పడి ఉంటాయి. జీపిస్తే ఒక బస్తా తెస్తాను సార్, వేలెడు వెడల్పు పట్టీలు కోసి, పైన నా తువ్వాళ్ళ గుడ్డ చుట్టి, టోపీ లోపల చుట్టూ కుట్టేస్తే జుట్టు ఉన్నట్టే ఉంటుంది, చెమటా పీలుస్తుంది అన్నాను. పైన వేలెడు ఉంచుతానని మొదటే చెప్పాను అని అనలేదు. ఆయన చూసిన చూపులో ఆ మాట నేను అనకపోయినా వినపడినట్టే ఉంది.

జీపుకు కాగితం మీద సంతకం పెట్టి, ఇస్తూ ఇస్తూ, నీకేం కావాలి పైడిరాజూ అన్నారు.

నామినల్ రోల్ ఆయన ముందు పెట్టి, ఖాళీ గడి చూపించాను.

“ఈ గడిలో కారణం రాయకండి బాబూ. అడగకండి కూడా. అదొక్కటే నా మనవి.”

ఆయన గడివైపు చూశారు. నా వైపు చూశారు. మైదానంలో చెట్టు కింద ఒంటరిగా నిలబడిన లక్ష్మునాయుడి వైపు చాలాసేపు చూశారు.

“ఎన్నో నెల?” అన్నారు.

“నాకు తెలీదు సార్.”

“నాకూ తెలీదు,” అని, కలం తీసి ఆ గడిలో ‘వాయిదా’ అని రాసి సంతకం పెట్టారు. పోలీసు పట్టికల్లో అమలు ఉంటుంది, మినహాయింపు ఉంటుంది. వాయిదా అనేది అంతకుముందు ఎవరూ రాయలేదు. ఆ సంతకం చూసి నేను ఆయనకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

ఆ పగలంతా కంపెనీ మొత్తం సూదీ దారం పట్టుకుని కూర్చుంది. వేళ్ళకు సూది గుచ్చుకుని తిట్టుకున్నవాళ్ళున్నారు, ఎంబ్రాయిడరీ లాగా కుట్టినవాళ్ళున్నారు. సన్నిబాబు తన టోపీకి రెండు పట్టీలు వేసుకున్నాడు, మెడ తిప్పడానికి కూడా రాలేదు. శనివారం తనిఖీ అద్భుతంగా జరిగింది. ఇంత స్థిరంగా టోపీలు నిలిచిన కంపెనీని తాను చూడలేదని కమాండెంట్ గారు అన్నారు. వరుసలో నడుస్తూ లక్ష్మునాయుడి దగ్గర ఆగి, చెవుల మీద పడుతున్న జుట్టు చూసి, ఇదేమిటన్నారు. ఆర్‌.ఐ. గారు సావధాన్‌లో నిలబడి, వాయిదా సార్ అన్నారు. కమాండెంట్ గారికి అది ఏమిటో తెలియదు. తెలియదని కంపెనీ ముందు అనలేరు కదా. తల ఊపి ముందుకు సాగిపోయారు.

మెమో రాలేదు. లక్ష్మునాయుడు జూన్‌లో కోర్సుకు వెళ్ళాడు. అతని కోర్సు ముగిసి, క్యాంపు ఎత్తేసి అందరం బెటాలియన్ కేంద్రానికి చేరాక, ఆగస్టు నుంచి నాకు మరో పని పడింది. మిగిలినవాళ్ళకు జుట్టు మొలిచి, టోపీల్లో పట్టీలు ఊడదీయించుకుంటుంటే, లక్ష్మునాయుడికి టోపీ పట్టడం మానేసింది. నెలకోసారి నేనే స్టోర్సుకు వెళ్ళి ఒక నంబరు పెద్దది అడిగేవాణ్ణి. ఒక మనిషి తల నెలనెలా ఎందుకు పెరుగుతోందని స్టోర్సు గుమాస్తా అడిగాడు. కొందరికి పెరుగుతుంది, రాసుకో అన్నాను. అప్పటికి కంపెనీలో సంగతి అందరికీ తెలిసే ఉంటుంది. పై అధికారుల దాకా ఎవరూ నోరు విప్పలేదు. ఏప్రిల్‌లో అన్ని అబద్ధాలు రాసిన కుర్రాళ్ళే ఈ ఒక్క నిజాన్ని దాచారు.

నవంబరులో, మంచు పడుతున్న ఒక బుధవారం పొద్దున, బెటాలియన్ కేంద్రంలో నా గదికి లక్ష్మునాయుడు వచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం ఉంది. జుట్టు భుజాల దాకా ఉంది. ఆడపిల్లనీ, తల్లీ బిడ్డా కులాసాగా ఉన్నారనీ చెప్పి, నేను గుడ్డ కప్పకముందే తానే కుర్చీలో కూర్చున్నాడు. చలికాలం కదా, పైన ఒత్తుగా ఉంచి చుట్టూ సరిచేస్తానన్నాను.

“అలాగొద్దు మావా,” అన్నాడు. “ఆర్డరు పెండింగులో ఉండిపోనాది. జీరో కొట్టీ.”

కొట్టాను. బయట మంచు కురుస్తుంటే, ఎండ తీవ్రత దృష్ట్యా ఇచ్చిన ఉత్తర్వును ఆ తల మీద తూచా తప్పకుండా అమలు చేశాను. అతను లేచి, మూడు నంబర్లు పెరిగిన ఆ టోపీ పెట్టుకుంటే గడ్డం దాకా దిగింది. లోపలి నుంచి నవ్వడం వినపడింది. నా పెట్టెలో స్పాంజి పట్టీ ఒకటి మిగిలి ఉంటే తీసి కుట్టి ఇచ్చాను. తరవాత పాత నామినల్ రోల్ వెతికించి, ఆర్‌.ఐ. గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ‘వాయిదా’ కొట్టేసి, పక్కన ‘అమలు’ అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టారు. మిఠాయి తిన్నారు, ఎందుకని అడగలేదు.

నేను రిటైరయి రెండేళ్ళయింది. మా వీధి కుర్రాళ్ళు ఇప్పటికీ మార్చి దాటగానే వచ్చి, ఎండలకు ఏ కటింగు బాగుంటుంది తాతా అని అడుగుతారు. చుట్టూ సన్నగా, పైన వేలెడు ఉంచమంటాను, మెడ మీద కత్తి వద్దంటాను. ఆ విద్య మా నాన్న దగ్గర నేర్చుకున్నదే, సాలూరు రోడ్డు క్యాంపులో కొత్తగా చేరిందేమీ లేదు. అక్కడ నేర్చుకున్నది వేరే ఉంది. అప్పటిదాకా కుర్చీలో కూర్చున్నవాణ్ణి నేను ఎలా కొయ్యమంటావు అని అడిగేవాణ్ణి. ఆ వేసవి తరవాత, రిటైరయిన రోజు దాకా, మొదట అసలు కొయ్యమంటావా అని అడిగాను.